బుత్క్యేవిచ్, బుత్కుస్, బుత్కేవిచ్యుస్: పోలిష్–లిథువేనియన్ ఇంటిపేరు మూలం ఎలా పట్టుకోవాలి?

ఆవలితీరం:
అందరికీ నమస్కారం. మా కోడలి పుట్టింటి వైపు వంశవృక్షం తయారు చేస్తున్నాను. వాళ్ళది పెన్సిల్వేనియా బొగ్గు గనుల ప్రాంతం. ముత్తాత ఇంటిపేరు కాగితానికో రకంగా ఉంది. 1909 ఓడ జాబితాలో బుత్క్యేవిచ్ అని పోలిష్ స్పెల్లింగు, 1918 సెప్టెంబరు సైనిక నమోదు కార్డులో బుత్కుస్, సమాధి రాయి మీద బుత్కేవిచ్యుస్. ఎక్కడివాడు అంటే ఓడ జాబితా మొదటి పేజీలో "సువావ్కి, రష్యా" అని మాత్రమే ఉంది. వాళ్ళింట్లో సగం మంది పోలిష్ అంటారు, సగం మంది లిథువేనియన్ అంటారు. ఈ ఇంటిపేరు అసలు ఏ దేశానిది, అర్థం ఏమిటి? నెట్‌లో ఈ పేరు మీద ఒక వంశ చిహ్నం కూడా దొరికింది, అది వాళ్ళదే అనుకోవచ్చా?

పాతరిజిస్టర్:
ఆవలితీరం గారూ, అర్థం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఊరు కావాలి, ఊరి తర్వాత పారిష్, అంటే మన కతోలికులు విచారణ అనేది. ఒకే ఇంటిపేరుతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు పదుల కొద్దీ ఉంటాయి. వాటిలో మీదేదో తేలకుండా నిఘంటువు తెరిస్తే ఎవరిదో అర్థం మీకు అంటుకుంటుంది.

అమెరికా కాగితాల్లో ఊరు దొరికే చోట్లు ఇవి. ఓడ జాబితాకు 1907 నుంచి 29 గడులు ఉన్నాయి, అవి రెండు పేజీల మీద పరుచుకుని ఉంటాయి. వెతుకుడు సైట్లలో చాలామంది మొదటి పేజీ చూసి ఆపేస్తారు. పుట్టిన ఊరు గడి రెండో పేజీ చివర ఉంటుంది. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా 1909 జాబితాలో ఉండాలి. బొమ్మను ఒక పేజీ ముందుకు జరపండి.

మీ చేతిలో ఉన్న సైనిక కార్డు ఈ పనికి రాదు. 1917 జూన్, 1918 జూన్ కార్డుల్లో పుట్టిన చోటు అడిగారు, 1918 సెప్టెంబరు కార్డులో అడగలేదు. ఆయన 1942లో బతికి ఉంటే అప్పటి కార్డు చూడండి, అందులో మళ్ళీ అడిగారు. పౌరసత్వ దరఖాస్తు 1906 సెప్టెంబరు తర్వాతిదైతే పుట్టిన చోటు, ఓడ పేరు, దిగిన తేదీ అన్నీ ఉంటాయి. 1936 తర్వాత సోషల్ సెక్యూరిటీకి దరఖాస్తు పెట్టి ఉంటే తల్లి పుట్టింటి పేరుతో సహా తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. పెళ్ళి అమెరికాలోనే అయితే ఆ చర్చి పుస్తకం వదలొద్దు. లిథువేనియన్ పారిష్‌లలోనూ పోలిష్ పారిష్‌లలోనూ పాదిరులు వధూవరుల స్వగ్రామాన్ని తరచుగా రాసేవారు. కౌంటీ ఆఫీసు లైసెన్సులో "రష్యా" అన్న ఒక్క ముక్కే ఉండొచ్చు.

లక్ష్మీపతి_జి:
న్యూయార్కు రేవులో వలసవాళ్ళను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండులో గుమాస్తాలు పేర్లు మార్చేసేవారట కదా? బుత్క్యేవిచ్ బుత్కుస్ అయింది అక్కడేనేమో.

గుబెర్నియా_గైడ్:
లక్ష్మీపతి గారూ, ఈ కథ ప్రతి చర్చలోనూ వస్తుంది. ఎల్లిస్ ఐలాండులో కొత్తగా పేర్లు రాసిన వాళ్ళే లేరు. జాబితా ఓడ బయల్దేరే రేవులో, కంపెనీ మనుషుల చేతుల్లో తయారయ్యేది. ఇక్కడి అధికారి ఆ జాబితా పట్టుకుని సరిచూసేవాడు. మార్పులు తర్వాత గని ఫోర్‌మన్, బడి, చర్చి, మనిషి సొంత ఇష్టం వల్ల వచ్చాయి. పైగా ఈ కేసులో బుత్కుస్ అనేది అమెరికాలో కత్తిరించిన పేరే కానక్కరలేదు. లిథువేనియాలో అది స్వతంత్రంగా ఉన్న ఇంటిపేరు. ఊళ్ళో నోటిమాటగా బుత్కుస్, పాదిరి పుస్తకంలో బుత్క్యేవిచ్, ఇలా రెండూ ఒకే మనిషికి ఉండటం మామూలే.

ఇప్పుడు "సువావ్కి" గురించి. అది పట్టణమూ కావచ్చు, 1867 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా ఉన్న గుబెర్నియా, అంటే రాష్ట్రమూ కావచ్చు. వలస కాగితాల్లో చాలాసార్లు రెండోదే. ఆ గుబెర్నియాలో ఏడు జిల్లాలు: అవుగుస్తూవ్, సువావ్కి, సేయ్నీ, కల్వరియా, మరియాంపొలే, విల్కవిష్కిస్, వ్వదిస్వవూవ్. యుద్ధం తర్వాత దక్షిణపు ముక్క పోలండుకు, ఉత్తరపు ముక్క లిథువేనియాకు పోయాయి. అందువల్ల మీకు కావలసిన పుస్తకం సువావ్కిలోని పోలండు ప్రభుత్వ ఆర్కైవులో ఉందా, విల్నియస్‌లోని లిథువేనియా ప్రభుత్వ చరిత్ర ఆర్కైవులో ఉందా అన్నది ఊరు తేలితేనే తెలుస్తుంది.

నెమునస్ నదికి ఏ పక్క అన్నది ఇంకా ముఖ్యం. నదికి పడమటి ఒడ్డు, పోలండు–లిథువేనియా రాజ్యాన్ని పొరుగు దేశాలు పంచుకున్న 1795 విభజనలో ప్రష్యాకు, 1807లో వార్సా డచీకి, 1815లో రష్యా చక్రవర్తి కింద ఉన్న పోలండు రాజ్యానికి చేరింది. అందుకే అక్కడ 1808 నుంచి నెపోలియన్ చట్టం ప్రకారం పౌర నమోదు ఉంది. వ్యాసంలా సాగే రికార్డులు, 1868 దాకా పోలిష్‌లో, తర్వాత రష్యన్‌లో. తూర్పు ఒడ్డు నేరుగా రష్యా కిందికి పోయింది: విల్నా గుబెర్నియా, 1843 నుంచి కొవ్నో గుబెర్నియా. అక్కడివి ఉత్త చర్చి పుస్తకాలు. సుమారు 1827 దాకా లాటిన్, 1848 దాకా పోలిష్, ఆ పైన రష్యన్. నది దాటితే భాషా మారుతుంది, రికార్డు పొందికా మారుతుంది, తేదీ లెక్కా మారుతుంది.

వ్యుత్పత్తి_ప్రియ:
"పోలిష్‌దా, లిథువేనియన్‌దా" అన్న ప్రశ్నకు ఇంటిపేరు తోకలు చూసి జవాబు చెప్పలేం. ఎందుకో చూడండి.

పోలిష్ -స్కి లిథువేనియన్‌లో -స్కస్ అవుతుంది, -విచ్ అయితే -విచ్యుస్ అవుతుంది. యాంకొవ్‌స్కి – యంకౌస్కస్, జుకొవ్‌స్కి – జుకౌస్కస్, స్తాంక్యేవిచ్ – స్తంకేవిచ్యుస్ జంటలు అలాంటివే. లిథువేనియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు కజ్లౌస్కస్ కూడా పోలిష్ కొజ్వొవ్‌స్కికి జంటే. అంటే లిథువేనియన్ అని చెప్పుకునే ఇళ్ళలోనే స్లావిక్ తోకలు దండిగా ఉన్నాయి. తిరగేసి చూస్తే పోలండు ప్రభువుల్లో లెక్కవేసుకున్న దొవ్‌గ్యావో, నర్బుత్, స్కిర్ముంత్, మొంత్‌వివ్ లాంటి పేర్లకు వేర్లు బాల్టిక్ భాషలో ఉన్నాయి.

శుద్ధ లిథువేనియన్ తోకలు వేరే ఉన్నాయి. -ఐతిస్ నైరుతిలో, అంటే మీ సువావ్కి వైపు ఎక్కువ. -ఏనస్ తూర్పున, -ఊనస్ ఈశాన్యాన, -ఒనిస్ దక్షిణాన ఎక్కువ. ఇవి దారి చూపుతాయే తప్ప రుజువు కావు. ఒకే కుటుంబం మూడు తరాల్లో -ఐతిస్ నుంచి -ఒవిచ్‌కి, అక్కడి నుంచి -ఒవ్‌స్కికి మారిన పారిష్ పుస్తకాలు బోలెడు. రాసే పాదిరికి ఏది మర్యాదగా తోచితే అది. ఒక్కోసారి పేరునే అనువదించి పారేసేవారు: కమ్మరి అర్థం వచ్చే కల్వైతిస్ కాస్తా కొవలెవ్‌స్కి.

-స్కి ఉంటే ప్రభువంశం అన్న నమ్మకమూ అంతే. మొదట్లో అది ఊరి పేరు మీద వచ్చిన తోక, మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే అయినట్టు. తర్వాత రైతులకూ పట్టణ జనానికీ విరివిగా అంటుకుంది.

పాతరిజిస్టర్:
ప్రియ గారి మాటకు మంచి సాక్ష్యం నరుతోవిచ్ అన్నదమ్ములు. గబ్రియెల్ నరుతోవిచ్ 1922 డిసెంబరు 9న పోలండు తొలి అధ్యక్షుడుగా ఎన్నికై, అదే నెల 16న వార్సాలో హత్యకు గురయ్యాడు. ఆయన అన్న స్తనిస్లోవస్ నరుతవిచ్యుస్ 1918 ఫిబ్రవరి 16 లిథువేనియా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఒకడు. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇంటిపేరు, రెండు దేశాల స్పెల్లింగులు. ఇవనొవ్‌స్కి సోదరులైతే మరీనూ. యెజీ పోలండులో మంత్రి, వత్స్‌వావ్ బేలరూస్ ఉద్యమంలో పెద్ద పేరు, తదస్ ఇవనౌస్కస్ లిథువేనియాలో పేరుమోసిన జంతుశాస్త్రవేత్త. వాళ్ళ ఇంటిపేరు ఏ దేశానిది అని అడిగితే ఏం చెబుతారు?

సమాధి రాయి మీది రూపం గురించి ఒక మాట. చ శబ్దానికి టోపీ పెట్టిన అక్షరం 19వ శతాబ్దం చివర్లో గానీ లిథువేనియన్ రాతలోకి గట్టిగా రాలేదు. 1864 నుంచి 1904 దాకా రోమన్ లిపిలో లిథువేనియన్ అచ్చు మీద రష్యా నిషేధం ఉండేది. అమెరికా చేరాక ఆ రూపం చెక్కించుకున్నారంటే, ఆ ఇల్లు తనను లిథువేనియన్‌గా భావించుకుందని అర్థం. పుట్టిన చోటు గురించి ఆ రాయి ఏమీ చెప్పదు.

రాజముద్ర:
చిహ్నం సంగతి ఎవరూ ఎత్తలేదే! పోలిష్ చిహ్నాల పుస్తకాల్లో బుత్క్యేవిచ్‌లు ఉన్నారు. మరీ కొట్టిపారేయకండి.

గుబెర్నియా_గైడ్:
రాజముద్ర గారూ, ఉన్నారు, కానీ ఏ బుత్క్యేవిచ్‌లు? పోలిష్ చిహ్నం ఒక కుటుంబానిది కాదు. ఒకే చిహ్నాన్ని రక్తసంబంధం లేని వందల ఇళ్ళు వాడాయి. 1413లో పోలండు, లిథువేనియాల మధ్య జరిగిన హొరొద్వొ ఒప్పందంలో 47 పోలిష్ కుదుళ్ళు లిథువేనియన్ బొయార్లను, అంటే అక్కడి ప్రభువులను, తమ చిహ్నాల్లోకి చేర్చుకున్నాయి. మన్‌వీదస్‌కు లెలీవా అనే చిహ్నం, గోష్తౌతస్‌కు అబ్దంక్ వచ్చింది అలాగే. కాబట్టి ఇంటిపేరు కలిసింది కదా అని చిహ్నం తగిలించుకోవడం కుదరదు.

రుజువు కావాలంటే దారి ఉంది. విభజనల తర్వాత రష్యా ప్రభుత్వం ప్రభువంశాన్ని కాగితాలతో రుజువు చేసుకోమంది. ఆ దాఖలాలు తరాల పట్టికలతో సహా ఉన్నాయి. విల్నా గుబెర్నియావి విల్నియస్ ఆర్కైవులో 391వ ఫోండులో, అంటే ఆ సంఖ్య గల దస్తావేజుల విభాగంలో ఉంటాయి. 1831 తిరుగుబాటు తర్వాత నిబంధనలు బిగించారు. రుజువు చూపలేని చిన్న కులీనులను "అద్నద్వోర్త్సీ" అనే తరగతిలోకి దించేశారు. మీ మనిషి పూర్వీకుడి రికార్డులో "రైతు" అని ఉంటే చిహ్నం ఆశ వదులుకోవడం నయం. లాటిన్ పుస్తకాల్లో ఈ మాటలు చూడండి: నోబిలిస్, గెనెరోసుస్ అంటే ప్రభువర్గం, హొనేస్తుస్ అంటే పట్టణ జనం, లబొరియోసుస్ అంటే రైతు.

ఆవలితీరం:
పాతరిజిస్టర్ గారికి వేయి దండాలు. ఓడ జాబితా రెండో పేజీ ఉంది! పుట్టిన ఊరు మరియాంపొలే దగ్గరి పల్లె, తండ్రి పేరు యుర్గిస్. ఆ పారిష్ పుస్తకాల స్కాన్లలో 1884 జననాల సంపుటి తెరిచాను, అంతా రష్యన్ చేతిరాత. బుత్ అనే ముక్క ఎక్కడా కనిపించడం లేదు.

సిరిలిక్_చదువరి:
కనిపించదు లెండి, మీరు అచ్చు అక్షరాల కోసం వెతుకుతున్నారు. రష్యన్ చేతిరాతలో త అనే అక్షరం మూడు కాళ్ళతో అచ్చంగా రోమన్ ఎమ్‌లా ఉంటుంది. ఉ ధ్వని రోమన్ వైలా, ఇ ధ్వని రోమన్ యూలా, ద ధ్వని రోమన్ జీలా కనిపిస్తాయి. కాబట్టి బుత్కేవిచ్ అనే మాట మీ కంటికి మధ్యలో "వై, ఎమ్" జంటతో ఉంటుంది. చివర కఠిన చిహ్నం అనే ఉచ్చారణ లేని అక్షరం అదనంగా తగులుతుంది, 1918 లిపి సంస్కరణ దాకా హల్లుతో ముగిసే మాటలన్నిటికీ అది ఉండేది. ఇంకో ఉచ్చు: రోమన్ బీ లాంటి అక్షరం రష్యన్‌లో వ. మీకు కావలసిన బ వేరే, పైన జెండాలా గీత ఉన్నది.

పని ఇలా చేయండి. నెపోలియన్ తరహా సంపుటాల్లో ఏడాది చివర పేర్ల సూచిక ఉంటుంది. నేరుగా అక్కడికి వెళ్ళండి, బ వరస రెండోది. పేరు పక్కన రికార్డు సంఖ్య ఉంటుంది, పేజీ సంఖ్య అనుకోకండి. ఆ సంఖ్య లోపల అంచులో ఊరి పేరుతో పాటు కనిపిస్తుంది. 1868 తర్వాతి రికార్డుల్లో రష్యన్ పేరు పక్కనే బ్రాకెట్లలో పోలిష్ స్పెల్లింగు రోమన్ లిపిలో ఇస్తారు. మీకు అదే దీపం. సూచికలో బుత్కేవిచ్ లేకపోతే బుత్కుస్, బుత్కైతిస్, బుద్కేవిచ్ కూడా చూడండి. ఫామిలీసెర్చ్‌ అనే వంశవృక్షాల సైట్లో అయితే రోమన్ లిపిలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే తోకలన్నీ ఒకేసారి వస్తాయి. పోలండు వైపు పారిష్‌లకు గెనెతెకా అనే ఆన్‌లైన్ సూచిక వాడండి, సువావ్కి ప్రాంతం అందులో పొద్లాస్క్యే రాష్ట్రం కింద ఉంటుంది.

ఆవలితీరం:
దొరికింది! సూచికలో ఉంది. రికార్డు "సస్తయాలస్" అని మొదలవుతోంది, రెండు తేదీలు ఉన్నాయి, మార్చి 11, బ్రాకెట్లో 23. ఏది రాసుకోవాలి? తండ్రి యుర్గిస్ అని చదివాను గానీ తల్లి దగ్గర "యంకౌస్కిఖ్" అని ఉంది. అది ఆవిడ ఇంటిపేరేనా?

సిరిలిక్_చదువరి:
"సస్తయాలస్" అంటే "జరిగినది". పోలిష్ రికార్డులైతే "జ్యావో షె" అని మొదలవుతాయి. మొదటి తేదీ రష్యా వాడిన జూలియన్ లెక్క, బ్రాకెట్లోది గ్రెగోరియన్. 19వ శతాబ్దంలో తేడా 12 రోజులు, 1900 మార్చి నుంచి 13. నరుతోవిచ్ పుట్టినరోజు 1865 మార్చి 17 అనీ 29 అనీ రెండు విధాల కనిపించేది ఇందుకే.

అయితే ఆ రెండూ పుట్టిన తేదీలు కావు! రికార్డు రాసిన రోజు అది. పుట్టిన రోజు లోపల, బిడ్డను చూపించిన వాక్యంలో ఉంటుంది. "నిన్న", "ఈ రోజు", "మొన్న" అని కూడా రాస్తారు, మీరు వెనక్కి లెక్కపెట్టాలి. వరస ఎప్పుడూ ఒకటే: ఊరు, తేదీ, గంట, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం, ఇద్దరు సాక్షులు, బిడ్డ, తల్లి పేరు, పుట్టింటి పేరు, వయసు, జ్ఞానస్నానపు పేరు, జ్ఞాన తల్లిదండ్రులు, చదువు రాదు గనుక పాదిరి ఒక్కడే సంతకం. వయసులను మాత్రం నమ్మకండి, అయిదేళ్ళు అటూ ఇటూ పోతాయి.

"యంకౌస్కిఖ్" అంటే "యాంకొవ్‌స్కీల ఇంటి ఆడపడుచు". పోలిష్‌లో "జ్ యాంకొవ్‌స్కిఖ్" అని బహువచన షష్ఠి రూపం వాడతారు. చెట్టులో యాంకొవ్‌స్కి అని రాసుకోండి. అలాగే "బుత్క్యేవిచూవ్" అని కనిపిస్తే అది కొత్త ఇంటిపేరు కాదు, బుత్క్యేవిచ్‌ల ఇంటిది అని. తెలియనివాళ్ళు సూచికల్లోకి ఆ రూపాన్నే ఎక్కించేశారు, వెతికేటప్పుడు అదీ కొట్టి చూడండి.

వ్యుత్పత్తి_ప్రియ:
ఆడవాళ్ళ రూపాలు ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది వీటిని వేరు కుటుంబాలు అనుకుంటారు. పోలిష్‌లో బుత్క్యేవిచ్ భార్య బుత్క్యేవిచొవా, కూతురు బుత్క్యేవిచూవ్నా. లిథువేనియన్‌లో బుత్కేవిచ్యుస్ భార్య బుత్కేవిచ్యెనే, కూతురు బుత్కేవిచ్యూతే. బుత్కుస్ అయితే భార్య బుత్కియెనే, కూతురు బుత్కుతే. మగ రూపం -అస్ అయితే కూతురికి -ఐతే, -ఇస్ అయితే -ఈతే. అమెరికా మరణ పత్రంలో "తల్లి పుట్టింటి పేరు" గడిలో -ఐతే, -ఈతేతో ఏది కనిపించినా మగ రూపంలోకి తిప్పి వెతకండి.

గుబెర్నియా_గైడ్:
ఇక వెనక్కి. జనన రికార్డులో తాత పేరు రాదు. ఇప్పుడు యుర్గిస్ పెళ్ళి పట్టుకోండి, 1884 నుంచి వెనక్కి, వధువు పారిష్‌లో. పెళ్ళి సాధారణంగా పిల్ల ఊళ్ళో జరుగుతుంది, మరియాంపొలేలో లేకపోతే చుట్టుపక్కల పారిష్‌లు చూడాలి. నెపోలియన్ తరహా పెళ్ళి రికార్డు అన్నిటికంటే విలువైనది, ఇద్దరి తల్లిదండ్రులూ పుట్టిన ఊళ్ళూ అందులోనే ఉంటాయి. అలా ఒక్కో పెళ్ళి పట్టుకుని 1808 దాకా దిగొచ్చు. పెళ్ళికి జత చేసిన కాగితాల కట్టలు, "అలెగాతా" అంటారు, మిగిలి ఉంటే వాటిలో 18వ శతాబ్దపు జ్ఞానస్నాన నకళ్ళు దొరుకుతాయి. 1808–1825 మధ్య పాదిరి రిజిస్టరులో యూదులు, లూథరన్లు కూడా కలిసే ఉంటారు. మతాల వారీ పుస్తకాలు 1826 నుంచి.

కొవ్నో వైపు ఊరు తేలినవాళ్ళకు దారి వేరు. అక్కడ పాత లాటిన్ పెళ్ళిళ్ళలో తల్లిదండ్రుల పేర్లు తరచూ ఉండవు. ఆ లోటు పూడ్చడానికి రష్యా జనగణన జాబితాలు ఉన్నాయి: 1795, 1811, 1816, 1834, 1850, 1858. 1811లో మగవాళ్ళను మాత్రమే రాశారు.

రాజముద్ర:
డీఎన్ఏ పరీక్షతో ఒక్క దెబ్బకు తేలదా?

పాతరిజిస్టర్:
తేలదు. లిథువేనియన్ మగవాళ్ళలో తండ్రి వైపు కుదుళ్ళు ప్రధానంగా రెండు, ఎన్ ఒకటి, ఆర్1ఏ రెండోది. రెండోది పోలండు నిండా ఉంది. పైగా ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై-డీఎన్ఏ పరీక్ష, తల్లి వైపు అంతా దీనికి అందదు. ఇంకో బుత్క్యేవిచ్ కుటుంబంతో సంబంధం ఉందా లేదా అని పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది, అదీ ఇద్దరు మగ వారసులు పరీక్ష చేయించుకుంటే.

వ్యుత్పత్తి_ప్రియ:
ఇప్పుడు ఊరు తేలింది కనుక మొదటి ప్రశ్నకు వస్తాను. పాత లిథువేనియన్ మనుషుల పేర్లు రెండు ముక్కలతో ఉండేవి. బుత్ మొదటి ముక్కగా బుత్వీదస్, బుత్రిమస్, బుతౌతస్ లాంటివి వచ్చాయి. వాటిని ముద్దుగా కుదించిన పిలుపే బుత్కుస్. ఆ పిలుపుకు "ఫలానా వాడి కొడుకు" అనే స్లావిక్ -ఎవిచ్ తగిలితే బుత్క్యేవిచ్, దానికి మళ్ళీ లిథువేనియన్ విభక్తి తోక తగిలితే బుత్కేవిచ్యుస్. 2012–2016లో లిథువేనియా ప్రధాని అల్గిర్దస్ బుత్కేవిచ్యుస్ పేరులో ఈ మూడు పొరలూ కనిపిస్తాయి. రసేయ్నెయ్ వైపు బుత్కిష్కే అనే ఊరు ఉంది, అక్కడి నుంచి వచ్చారనుకోకండి. అలాంటి ఊళ్ళకే మనిషి మీద పేరు వచ్చింది.

స్లావిక్ బుత్కో అనే మనిషి పేరు నుంచి కూడా బుత్క్యేవిచ్ రావచ్చు. మీ కుటుంబం ఏ దారిన వచ్చిందన్నది తోక చెప్పదు, 1808కి ముందు ఆ పల్లెలో ఏం రాశారో అదే చెబుతుంది. లాటిన్ పుస్తకంలో బుత్కుస్ గానీ బుత్కైతిస్ గానీ కనిపిస్తే లిథువేనియన్ వేరుకు బలం. మొదటి నుంచీ బుత్క్యేవిచ్ అనే ఉంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

ఆవలితీరం:
చాలా సంతోషం. చివరిగా, చెట్టులో ఏ రూపం పెట్టమంటారు? సాఫ్ట్‌వేరు ఒక్కటే అడుగుతోంది.

పాతరిజిస్టర్:
ఒక్కో మనిషికి అతని పుట్టుక రికార్డులో ఉన్న రూపాన్ని ముఖ్య పేరుగా పెట్టండి, మిగతావి "ఇతర పేర్లు" గడిలో ఏడాదితో సహా వేయండి: 1884 బుత్కేవిచ్, 1909 బుత్క్యేవిచ్, 1918 బుత్కుస్. రష్యన్ నుంచి మీరు రోమన్‌లోకి మార్చిన రూపమైతే ఆ సంగతి పక్కన రాయండి, లేకపోతే పదేళ్ళ తర్వాత అది రికార్డులో ఉన్నదే అనుకుంటారు. ప్రతి రికార్డుకు ఆర్కైవు, ఫోండు, సంపుటి, రికార్డు సంఖ్య నాలుగూ ఎక్కించండి. స్కాన్ బొమ్మను మీ దగ్గర దాచుకోండి, సైట్ల చిరునామాలు మారిపోతుంటాయి. తేదీలు రెండు లెక్కల్లోనూ వేయండి. యుర్గిస్ పెళ్ళి దొరికాక ఇక్కడే పెట్టండి, చదివి పెడతాం.